శెట్టి షెడ్డులోని చిన్న కారు

కదిరిలో పాత కారు కొనాలనుకున్నవాడు ముందు డబ్బు చూసుకుంటాడు, తర్వాత పీర్ మహమ్మద్‌ని చూసుకుంటాడు. ఆయన తల నిలువుగా ఊపితే బేరం కుదిరినట్టు. అడ్డంగా ఊపాడా, అమ్మేవాడు సగానికి సగం తగ్గించినా ఆ బండిని ఎవరూ ముట్టుకోరు. నలభై ఏళ్ళ మెకానిక్కు. కళ్ళు సరిగా ఆనవు గానీ చెవులు మాత్రం పాము చెవులు. ఏ చక్రం బేరింగు అరిగిందో, ఏ బోల్టు వదులైందో విని చెప్తాడు.

ఆయనకో పద్ధతి ఉంది. ట్రయల్‌కి బండి తీస్తే లోపల ఇంకెవరినీ కూర్చోనివ్వడు. ఫోను కూడా కొనేవాళ్ళ చేతిలో పెట్టి పోతాడు. దారిలో మాట్లాడడు, వెనక్కి తిరగడు. "బండి మాట్లాడేటప్పుడు మనిషి మాట్లాడకూడదప్పా" అంటాడు. ఒకసారి ఎవరో పెద్ద కాంట్రాక్టరు మొండికేసి పక్కన ఎక్కి కూర్చుని కబుర్లు మొదలుపెడితే, ఊరు దాటగానే దించేసి వెళ్ళిపోయాడు. అంత మొండిఘటం.

ఇన్ని కార్లు చూసినవాడికి సొంత కారు లేదు. అవసరం రాలేదు. ఇప్పుడొచ్చింది. భార్య మేరాజ్ బీకి మూత్రపిండాలు పాడై ఆరేళ్ళయింది. వారానికి మూడుసార్లు అనంతపురం పోయి డయాలసిస్ చేయించుకోవాలి. ముదిగుబ్బ, రాప్తాడు మీదుగా పోను రెండు గంటలు పైన, రాను రెండు గంటలు పైన, బస్సులో. గుంత తగిలినప్పుడల్లా ఆమె పళ్ళు బిగబట్టేది తప్ప నోరు తెరిచి అరిచేది కాదు. ఏడవడమూ ఎరగదు. అడిగేదల్లా ఒకటే, నీళ్ళు. డాక్టరు రోజుకు అర లీటరు కంటే తాగొద్దన్నాడు. నిద్రలేచింది మొదలు పడుకునేదాకా ఆమెకు దాహమే. పీర్ మహమ్మద్ తడిగుడ్డతో పెదాలు తుడిచేవాడు. తాను తాగాలనుకుంటే పెరట్లోకి పోయి, ఆమెకు కనబడకుండా తాగేవాడు.

ముదిగుబ్బలో వేరుశనగ వ్యాపారి కేశవులు శెట్టి దగ్గర ఒక చిన్న కారు అమ్మకానికి ఉందని తెలిసింది. అది ఎవరూ కన్నెత్తి చూడని మోడల్. వచ్చిన కొత్తలో కప్ప మొహం బండి అని జనం నవ్వారు. నాలుగేళ్ళకే కంపెనీ చేయడం మానేసింది. జనానికేం తెలుసు? ఇంజను గట్టిది, లీటరుకు ఇరవై ఇస్తుంది. సామాన్లు దొరకవని భయపడతారు గానీ అదే కంపెనీ వేరే బండివి చక్కగా సరిపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, డోర్లు వెడల్పు, సీటు ఎత్తు. మోకాళ్ళు వంగని మనిషి కూర్చోవడానికీ లేవడానికీ ఆ ధరలో అంతకంటే మంచి బండి లేదని పీర్ మహమ్మద్ ఎప్పుడో అనుకున్నాడు.

ఏప్రిల్ నెల ఆదివారం, ఎండ కాస్త వాలాక మేరాజ్ బీని తీసుకుని ముదిగుబ్బ పోయాడు. తనే చూస్తానని ఆమె పట్టుబట్టింది. శెట్టి భార్య లలితమ్మ ఆమెను వసారాలో కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన షెడ్డులోకి నడిచాడు.

బానెట్టు బోల్టుల మీద పెయింటు చెదరలేదు, అంటే బండి ఎక్కడా గుద్దుకోలేదు. ఆయిల్ మూత విప్పి వాసన చూశాడు. కార్పెట్ ఎత్తి తుప్పు కోసం వెతికాడు. డోర్ రబ్బర్లు పగల్లేదు. వంక పెట్టడానికి దొరికింది ఒక్కటే, వెనక సీటు చూపే లోపలి అద్దం ఊడిపోయి ఉంది. లోలోపల ఎగిరి గంతేస్తూ, పైకి మాత్రం వేపాకు నమిలినట్టు మొహం పెట్టాడు. అది కూడా పద్ధతే.

వెనక సీటు స్ప్రింగులు చూద్దామని చెయ్యి పెట్టాడు. కుడివైపు రేకుల షెడ్డు వేడికి కాలిపోతోంది. ఎడమవైపు మాత్రం నీళ్ళు నింపిన కొత్త కుండలా చల్లగా ఉంది. తడి లేదు. నీడ పడే చోటు కూడా కాదు.

"ఎవరన్నా ఎక్కినారా శెట్టీ, ఈ మధ్య?"

"లేదు పీరన్నా. మా అమ్మని ఆస్పత్రికి తిప్పిన బండి. ఆమె పోయి రెండేండ్లాయె. వారానికోసారి స్టార్టు చేసి ఆపుతాండా, అంతే." శెట్టి గడప దాటి లోపలికి రాలేదు. అక్కణ్ణుంచే తాళంచెవి విసిరాడు.

పీర్ మహమ్మద్ వసారాలోకి వచ్చి ఫోను భార్య ఒళ్ళో పెట్టాడు.

"నేనూ వస్తా" అంది మేరాజ్ బీ. "కూర్చునేది నేను గదా. కుదుపు తెలిసేది నాకు."

"ముందు నేను చూసొస్తా. బాగుంటే రెండోసారి నిన్ను ఎక్కించుకుని పోతా."

"నీ పద్ధతి నాకు తెలీదా? మాట్లాడనులే. మూల కూర్చుంటా."

"పది నిమిషాలు. ఈడే ఉండు."

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమె అలక అంతకు మించి ఎప్పుడూ పోలేదు.

షెడ్డు వెనక గేటు దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చింది. ఇంజను శబ్దం వింటూ, మంద దాటేదాకా బండి ఆపాడు. అప్పుడు వెనక ఎడమ డోరు తెరుచుకుంది. బండి ఆ పక్కకు మెల్లగా కుంగింది. డోరు పడింది.

"పో ఇంక" అంది మేరాజ్ బీ.

రోషగత్తె, అన్నంత పనీ చేసింది. పీర్ మహమ్మద్ మీసాల చాటున నవ్వుకున్నాడు. పద్ధతి తప్పకుండా, వెనక్కి తిరగకుండా గేరు వేశాడు.

కదిరి రోడ్డు మీద కాస్త దూరం పోయి, కావాలనే గుంతల మట్టిదారిలోకి తిప్పాడు. ఇరుపక్కలా దున్ని వదిలేసిన ఎర్రనేలలు, వాన ముఖం చూడక నెర్రెలు విచ్చుకుని ఉన్నాయి. ఎండిన వేరుశనగ కట్టె వాసన, దుమ్ము వాసన. మొదటి గుంతలో చక్రం దిగింది. ఆయన గుండె బిగబట్టుకున్నాడు.

"తెలీనే లేదు" అంది వెనక నుంచి.

రెండో గుంత. మూడోది. "నొప్పి లేదు. మెత్తగా ఉండాది."

పీర్ మహమ్మద్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంతోమందికి బండ్లు ఏరి పెట్టాడు గానీ, ఒక బండి బాగుందని ఏడుపు రావడం ఇదే మొదలు. ఇంక వెనక్కి తిప్పాలి.

"ఇంకొంచెం దూరం పోదాం" అంది ఆమె.

ఆరేళ్ళుగా ఎక్కడికీ పోదామని అడగని మనిషి. కాదనలేకపోయాడు. పది నిమిషాలు ఇరవై అయ్యాయి, ముప్పై అయ్యాయి. పొద్దు గుట్టల వెనక్కి జారింది. ఏసీ వేయలేదు. అద్దాలు దించే ఉన్నాయి, బయట గాలి ఇంకా సెగలు కక్కుతోంది. అయినా ఆయన మెడ వెనక చల్లగా తగులుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, గంటన్నర నుంచీ ఆమె నీళ్ళు ముట్టలేదు. పద్ధతి పక్కన పెట్టి నోరు తెరిచాడు.

"బాటిల్ వసారాలో మరిస్తి మేరాజ్. నోరు ఎండుతాందా?"

"లేదు."

"ఇంకొంచెం ఓర్చుకో. పోతానే తాగుదువు."

"వద్దు. దాహమే లేదు."

ఆయన కాలు బ్రేకు మీద పడింది. ఆరేళ్ళలో ఆ మాట ఆమె నోట వినలేదు... ఒక్కసారి కూడా. బండి ఆగింది. వెనకాల దుమ్ము వచ్చి బండిని కమ్మేసింది. ఆయన చెవులు రిక్కించాడు. ఇంజను చప్పుడు ఉంది. తన ఊపిరి ఉంది. ఇంకో ఊపిరి లేదు...

తిరిగి చూశాడు.

సీటు ఖాళీ. ఎడమవైపు మాత్రం మనిషి కూర్చున్నంత మేర మెత్త కుంగి ఉంది.

పడిపోయిందనుకున్నాడు. దారిలో డోరు తెరుచుకుని పడిపోయిందనుకున్నాడు. దిగి వచ్చిన దారినే పరిగెత్తాడు. "మేరాజ్... మేరాజ్..." కీచురాళ్ళు తప్ప జవాబిచ్చేవాళ్ళు లేరు. నేల మీద చక్రాల గుర్తులే ఉన్నాయి. మరి, తాను దిగేటప్పుడు ఆ డోరు మూసే ఉంది గదా? నిలబడిపోయాడు. వెనక, ఎవరూ లేని బండిలోంచి, మెల్లగా వినబడింది.

"పా... ఇంటికి పోదాం. నీకు చీకట్లో కండ్లు ఆనవు."

ఎలా నడిపాడో ఆయనకే తెలీదు.

శెట్టి ఇంటి ముందు జనం ఉన్నారు. వసారాలో చాప పరిచి ఉంది. చాప మీద మేరాజ్ బీ పడుకుని ఉంది, మొహం ఇంకా పక్కకు తిరిగే ఉంది. లలితమ్మ ఆయన్ని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నువ్వు బండెక్కినంక ఊరికే ఉండలా అన్నా. లేసి నిలబడె. నేనూ పోతా, ఆయన ఒక్కడే పోతాండాడు అనె. రెండడుగులు ఏసినాదో లేదో, కూలిపోయె. మంద గేటు దాటకముందే అయిపోయిందన్నా."

"నాకు ఫోను చేయకపోతిరా?" అని అరిచాడు. అరిచాక గుర్తొచ్చింది.

శెట్టి బయట రోడ్డు మీద నిలబడి పదిహేడుసార్లు చేశాడట. పదిహేడుసార్లూ అది వసారాలో, ఆమె చేతిలోనే మోగిందట. రా అని ఒక్కమాట అని ఉంటే ఆమె తన బండిలో, తన పక్కన పోయేది. పెద్ద మగవాడు నేల మీద కూలబడి పసిబిడ్డలా ఏడ్చాడు. ఎవరూ ఓదార్చడానికి సాహసించలేదు.

ఆ కారులోనే ఆమెను కదిరికి తెచ్చుకున్నాడు. ఖననం అయ్యాక డబ్బు తీసుకుని శెట్టి దగ్గరికి పోతే, ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "దుడ్లు వద్దు పీరన్నా. బండి నువ్వే పెట్టుకో. మళ్ళా ఈడికి మాత్రం తేవద్దు."

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందని బజారు గుసగుసలాడింది. కూతురు ఆరీఫా కూడా బతిమాలింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఇంట్లో ఇంక వాళ్ళిద్దరే.

"నాయనా, ఆ బండి అమ్మేయి."

"కొంచెం దినాలు ఉండనీమ్మా" అనేవాడు.

కారణం కూతురికి ఎలా చెప్తాడు? రోజూ పొద్దువాలాక ఒక్కడే బండి తీసేవాడు. ఊరు దాటగానే ఎడమవైపు మెల్లగా కుంగేది. ఆమె మాట్లాడేది. ఆరీఫా తిన్నదా, బియ్యం డబ్బాలో పురుగు పట్టిందా, మందులు మింగుతున్నావా... అంతకంటే పెద్ద విషయాలు ఏమీ లేవు. ఆయన వెనక్కి తిరిగేవాడు కాదు. తిరిగితే ఖాళీ సీటు చూడాలి. ఆ అరగంట బతికినట్టుండేది. ఇంటికొచ్చి ఇంజను ఆపగానే చచ్చినట్టుండేది.

నలభయ్యో దినం ఫాతిహా చదివించి, నలుగురికి అన్నం పెట్టి, సాయంత్రం బండి తీశాడు. ఊరు దాటింది. గుట్టలు దాటాయి. ఆమె పలకలేదు.

"మేరాజ్..."

చెవి ఒగ్గి విన్నాడు. నలభై ఏళ్ళుగా ఇంజను చప్పుడు కిందున్న చప్పుళ్ళను ఏరి విన్న చెవి. అక్కడ, వెనక, ఆమె మాట్లాడుతోంది... ఆయనతో కాదు. చాలా చిన్న గొంతుతో, ఎవరినో బతిమాలుతోంది.

"ఆయన్ని ఈడే ఉండనీ... ఆరీఫాకి ఇంకెవరూ లేరు. పెండ్లయ్యేదాకన్నా ఉండనీ... నీ కాళ్ళు మొక్కుతా."

తర్వాత ఏడుపు. డయాలసిస్ సూదులకు ఏడవని మనిషి, చచ్చేటప్పుడు ఏడవని మనిషి, వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆయన చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. బ్రేకు తొక్కాలనుకున్నాడు. కాలు కదల్లేదు.

"ఎవరుండారు మేరాజ్, ఆడ?"

ఏడుపు ఆగింది. ఎవరో చెప్పేది వింటున్నట్టు, ఆమె చాలాసేపు ఊరికే ఉంది. ఆయనకు ఏమీ వినబడలేదు.

"సరే. ఆయన్నీ పిల్చుకొని పోదాం" అంది మేరాజ్ బీ.