అవ్వ వెతికిన చప్పుడు

"ఇందులో కూడా మన పంపు లేదు పాపా," అంటూ అవ్వ ఇంకో పెట్టెకు చెవి ఆనించింది.

"ఇంక పోదాం అవ్వా," అని మనవరాలు చిన్మయి కొంగు లాగింది.

చెన్నై ఎగ్మూరులో ఆర్ట్ ఎగ్జిబిషన్. హాల్లో తాళ్లకు నలభై చెక్కపెట్టెలు వేలాడుతున్నాయి. చెవి పెడితే ఒక్కో పెట్టెలో ఒక్కో ఇంటి చప్పుడు. అన్నీ చిన్మయి క్లాసు పిల్లలు రికార్డు చేసినవే.

పదిహేను రోజుల కిందట ఆర్టిస్టు షాలిని అక్క స్కూలుకొచ్చింది. "మీ ఇంట్లో రోజూ వినిపించే చప్పుడు ఒక్కటి పట్టుకురండి," అంది.

చిన్మయి ఇంట్లో ఇంకేముంది? చేతిపంపే! అవ్వ పొద్దున్నే కొడుతుంటే కీచుమన్న మోతకు వీధంతా లేస్తుంది. ఆ తుప్పు పంపు చప్పుడు అందరికీ వినిపించాలా? ఛీ! నాన్న ఫోన్లో జలపాతం వీడియో వెతికి, దాని చప్పుడు ఇచ్చేసింది. ఇంట్లో మాత్రం, "పంపుదే ఇచ్చినా అవ్వా," అంది.

అవ్వ పొంగిపోయింది. పెరంబూరులో తమ వీధంతా చెప్పుకుంది. ఈ రోజు పట్టుచీర కట్టి మరీ బస్సెక్కింది.

కేదార్ పెట్టెలో వాళ్ల తాత గురక. దాని ముందు పెద్ద క్యూ. విన్నవాళ్లంతా పడీ పడీ నవ్వుతున్నారు. కేదార్ మాత్రం పెళ్లికొడుకులా నిలబడ్డాడు. చిన్మయికి వాణ్ణి చూస్తే కుళ్లుగా ఉంది.

చివరికి ఎవరో పేరు చదివి, చదువురాని అవ్వకు చిన్మయి పెట్టె చూపించారు. కళ్లు మూసుకుని వింది. మళ్లీ వింది.

"నీళ్లు పడతా ఉండాయి. పంపు చప్పుడే వినపడలా," అంది. చెవి రుద్దుకుంది. "నా చెవులే పోయినట్టుండాయి. పోనీలే పాపా. నీళ్లన్నా వినపడినాయి గదా."

పాపం, అవ్వ నవ్వింది కూడా. చిన్మయికి ఏడుపు ఆగలేదు.

"నీ చెవులు బాగుండాయవ్వా! అది మన పంపు కాదు. నేనే అబద్ధం చెప్పినా."

"ఎందుకూ?"

"ఎగతాళి చేస్తారని."

అవ్వ పెట్టె మీంచి చెయ్యి తీసేసింది. "వీధిలో అందరికీ చెప్పినానే పాపా," అంది మెల్లగా.

ఆ మాటకు చిన్మయికి తల కొట్టేసినట్టయింది. కళ్లు తుడుచుకుని, తనే షాలిని అక్క దగ్గరికి వెళ్లింది.

"అక్కా, నా పెట్టెలోది మా ఇంటి చప్పుడు కాదు. మార్చొచ్చా?"

షాలిని అక్క ఆమె వైపు చూసింది. "ఎగ్జిబిషన్ ఆదివారం దాకా ఉంది. రేపు అసలుది తీసుకురా," అంది.

మర్నాడు పొద్దున్నే చిన్మయి పంపు దగ్గర ఫోన్ పట్టుకుంది. అవ్వ ఊపిరి బిగబట్టి, చంటిబిడ్డను జోకొడుతున్నట్టు మెల్లగా కొట్టింది. కీచుమనలేదు.

"అట్ట కాదవ్వా! రోజూ మాదిరే గట్టిగా కొట్టు!"

అవ్వ కొంగు దోపుకుంది. కీఈఈచ్! కీఈఈచ్!

మేడమీద కిటికీ తెరుచుకుంది. "ఏందే తెల్లారగానే ఈ గోల?" అంది పక్కింటి మామి.

"మా పంపు మామీ!" చిన్మయి గొంతెత్తి అరిచింది. "ఎగ్మూరుకు పోతా ఉంది! మీరూ వచ్చి వినండి!"

ఆ అరుపు కూడా రికార్డయిపోయింది. చిన్మయి దాన్ని తీసేయలేదు.