వాడుకలో ఉందా?

ఆ రోజు పొద్దున్న పట్టికలాయన గడ్డానికి సబ్బు రాసుకుని కుళాయి తిప్పితే, అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఇంకో అర చుట్టు తిప్పాడు. చుక్క రాలేదు.

"ఏమే! కుళాయి పాడైనట్టుంది, కాస్త చూడు" అని అలవాటు కొద్దీ లోపలికి కేకేశాడు. కేకేశాక గుర్తొచ్చింది, భార్య మంచం దిగక మూడు రోజులైందని.

పక్క గదిలోంచి ఆవిడ గొంతు నీరసంగా వినిపించింది. "పాడవలేదండీ. పైన తొట్టి ఖాళీ అయ్యుంటుంది. టాంకరొచ్చినప్పుడు ఎవరూ పోయలేదుగా."

"పోయడమేమిటి? గొట్టంలోంచి రావూ?"

మాట్లాడితే ఆవిడకి ఆయాసం వస్తోందని ఆయన మళ్ళీ రెట్టించలేదు. మూలనున్న బిందెలో అడుగున మిగిలిన నీళ్ళతో సగం గడ్డం గీసుకున్నాడు.

ఆయన్ని వీధి వీధంతా పట్టికలాయన అనే పిలుస్తుంది. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ముప్పై నాలుగేళ్ళు గణాంక శాఖలో పనిచేసి, జిల్లా అధికారిగా రిటైరయ్యాడు. నది ఇవతల ఒక దేశం, అవతల ఒక దేశం. ఒకే కొండల వరుస నది కింద నుంచి దూరి అవతలికి వెళ్ళింది, దానితో పాటే దాని కడుపులో ఉన్న రాగి కూడా వెళ్ళింది. రెండు వైపులా తవ్వకం మొదలైంది ఒకే ఏడు. అప్పటి నుంచి ఎవరెంత బాగుపడ్డారన్నదే ఆయన జీవితమంతా వేసిన లెక్క. ఇళ్ళు, బళ్ళు, రోడ్లు, ఆసుపత్రి మంచాలు, కుళాయిలు. ఎడమ వరసలో మనం, కుడి వరసలో వాళ్ళు. మన వరసలో అంకె పెద్దదైన రోజు ఇంటికి మిఠాయి పొట్లం తెచ్చేవాడు. రిటైరయ్యాక, తవ్వకానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయని ఆ పట్టికలన్నీ కలిపి పుస్తకం రాశాడు. కూతురికి ఎక్కాలు కూడా ఆ పట్టికల మీదే నేర్పాడు.

ఆ కూతురే ఆరేళ్ళ కిందట నది దాటి అవతలి ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేరింది. మూత్రపిండాలు పనిచేయని వాళ్ళకి యంత్రంతో రక్తం శుభ్రం చేసే వార్డు ఆమెది. "అక్కడా రాగే, ఇక్కడా రాగే. ఏం తక్కువైందని పోయావు?" అని అడిగి, ఆమె చెప్పబోతే వినకుండా లేచిపోయాడు. ఆరేళ్ళుగా ఆ ఇద్దరి మధ్యా మాటలు తల్లి ద్వారానే నడుస్తున్నాయి. "మీ నాన్న తిన్నావా అని అడుగుతున్నారు" అనేది ఆవిడ ఫోన్లో. ఆయన అడగని రోజున కూడా అనేది.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటుండగా కూతురు మొదటి బస్సు దిగి వచ్చింది. వస్తూనే తిన్నగా తల్లి మంచం దగ్గరికి వెళ్ళి, దుప్పటి తొలగించి, పాదం మీద వేలు పెట్టి నొక్కింది. వేలు తీసేసినా గుంట అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళయిందమ్మా ఇలా వాచి?"

"నిన్నటి నుంచేనే."

"నాకు చెప్పకు. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతున్నావా?"

తల్లి గోడవైపు తిరిగింది. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని బీపీ ఆవిడ మూత్రపిండాలు రెండింటినీ తినేసింది. వెంటనే డయాలిసిస్ మొదలుపెట్టాలని డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది. ప్రతి మంగళవారం ఆయన జిల్లా ఆసుపత్రికి వెళ్ళి కౌంటర్లో అడుగుతున్నాడు. మీ వంతు వచ్చే వారం అంటున్నారు వాళ్ళు.

"నాన్నా, అమ్మని ఇవాళే తీసుకెళ్తాను" అంది కూతురు ముందుగదిలోకి వచ్చి. "పదకొండింటి బస్సుంది. మా వార్డులో మంచం అడిగి వచ్చాను. సరిహద్దు కాగితం మీద ఇంటి పెద్ద సంతకం ఉండాలట. అదొక్కటి పెట్టండి చాలు."

"ఇక్కడ వంతు రాబోతోందమ్మా."

"నాలుగు నెలల్నుంచీ రాబోతోంది."

"జిల్లా ఆసుపత్రిలో ఆరు యంత్రాలున్నాయి. మీ ఊళ్ళో నాలుగు. ఆరున్న చోటు వదిలేసి నాలుగున్న చోటికి పరిగెత్తడమేమిటి? నీకు లెక్కలు నేర్పింది నేనేనే!"

"మా నాలుగూ రోజుకి మూడు షిఫ్టులు తిరుగుతాయి. మీ ఆరూ ఎన్ని తిరుగుతున్నాయో ఎప్పుడైనా మేడెక్కి చూశారా?"

"తిరక్కపోతే ఎందుకు పెడతారు?"

"అది మీరే చెప్పాలి!"

ఆయన ఒంటికాలి మీద లేచాడు. "అవతలంతా స్వర్గమే కాబోలు! ఇవతల పుట్టి, ఇవతలి బళ్ళో చదువుకుని, ఇప్పుడు మా వరసలో తప్పులు వెతుకుతున్నావు."

"స్వర్గమని ఎవరన్నారు? ఇంటద్దెలు మండిపోతున్నాయి. గని దుమ్ముకి నేనూ తెల్లార్లూ దగ్గుతాను. లంచాలు మింగేవాళ్ళు అక్కడా ఉన్నారు. కానీ యంత్రం ఆగిపోతే మర్నాటికి ఎవడో ఒకడొచ్చి ఎందుకాగిందని అడుగుతాడు నాన్నా. నాకు కనపడిన తేడా అదొక్కటే." ఆమె తల్లి గది వైపు ఒకసారి చూసింది. "అసలు సంగతి నాకు తెలీదా? యాభై ఏళ్ళ పుస్తకం వచ్చే నెల మంత్రిగారు విడుదల చేస్తారు. దాన్ని రాసినాయన పెళ్ళామే వైద్యానికి నది దాటిందంటే నలుగురూ నవ్వుతారు. అంతేనా?"

ఆ మాట నిజమే. ఆయన చెప్పుల కోసం వెతికాడు. లోపలి నుంచి తల్లి గొంతు వినిపించింది. "ఊరుకోవే తల్లీ. ఆయన మాట పోతుంది."

"మాటేగా అమ్మా, పోతే పోనీ!"

ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. "నేనే వెళ్ళి కళ్ళారా చూసొస్తాను. అవి తిరుగుతూ ఉన్నాయంటే నువ్వు మళ్ళీ ఈ ఊసెత్తకూడదు" అన్నాడు.

"తిరక్కపోతే?"

ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

జిల్లా ఆసుపత్రి రెండో అంతస్తులో, నడవా చివర తలుపు మీద వార్డు పేరు చక్కగా రాసి ఉంది. లోపల ఆరు యంత్రాలూ ఉన్నాయి. వాటి మీద ప్లాస్టిక్ ముసుగులు, ముసుగుల మీద దుమ్ము. కిటికీ దగ్గర కుర్చీలో పేపరు చదువుకుంటున్న టెక్నీషియన్ ఆయన్ని చూసి గబుక్కున లేచాడు.

"సార్, మీరా! రండి సార్. కూర్చోండి."

"ఇవి... ఇవాళ సెలవా?"

"రోజూ సెలవే సార్. వచ్చి పదకొండేళ్ళయింది. పరీక్షకని రెండ్రోజులు నడిపాం. ఒక్క మనిషికి నాలుగు గంటలు నడపాలంటే నూట ఇరవై లీటర్ల శుద్ధమైన నీళ్ళు కావాలి, వడపోతలో పోయేవి వేరే. ఈ మేడ మీదికి చెయ్యి కడుక్కోవడానికే రావు."

"ప్రతి ఏడూ ఆరు అని రాసి పంపిస్తున్నారే మరి!"

"ఆరున్నాయి కద సార్" అన్నాడు టెక్నీషియన్ అమాయకంగా. "అబద్ధం రాయలేదు నేను. ఫారంలో ఉన్నాయా, ఉంటే ఎన్ని అనే అడిగారు. పాత ఫారంలో పక్కన ఇంకో గడి ఉండేది, వాడుకలో ఉందా అని. అందులో సున్నా వేసేవాణ్ణి. రెండేళ్ళు వేశాను. ఆ తర్వాత ఆ గడే ఎత్తేశారు."

ఎత్తేసింది ఎవరో పట్టికలాయనకి తెలుసు. మూడు పేజీల ఫారం నింపలేక సర్వే వాళ్ళు మొత్తుకుంటుంటే, దాన్ని ఒక్క పేజీకి కుదించిన ఘనత ఆయనదే. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఎర్ర సిరాతో, అక్కర్లేదనిపించిన గడులన్నీ కొట్టేశాడు. వస్తువుంటే వాడకుండా ఎవరుంటారు, అనవసరపు ప్రశ్న అనుకున్నాడు. ఆ పనికి ఆయనకి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఆ ఏడాది ఆసుపత్రుల్లోనూ, కుళాయిల్లోనూ మన వరస ఒక్కసారిగా అవతలి వరసని దాటిపోయింది.

"కౌంటర్లో వచ్చే వారం, వచ్చే వారం అంటున్నారే?"

"లేవని చెప్పే అధికారం వాళ్ళకెక్కడిది సార్? సర్కారు లెక్కల పుస్తకంలో ఉన్నాయాయె" అన్నాడు టెక్నీషియన్. "ఓపికున్న వాళ్ళు నది దాటుతున్నారు. లేనివాళ్ళు వచ్చే వారం కోసం చూస్తున్నారు. ఇంతకీ ఎవరికి సార్, మీ బంధువులకా?"

"మా ఆవిడకి" అన్నాడాయన.

ఆయన వీధి మొదట్లోకి వచ్చేసరికి టాంకరు ఆగి ఉంది. పైపుల కోసం ఆడవాళ్ళు కొట్లాడుకుంటున్నారు. కుట్టుమిషను పెట్టుకున్న పక్కింటావిడ ఆయన్ని చూసి రెండు బకెట్లు కింద పెట్టింది.

"అన్నయ్యగారూ, మీ వాటా నీళ్ళు మూడు రోజుల్నుంచీ ఎవరెవరో పట్టుకుపోతున్నారు. వదినగారు లేస్తే గానీ కుదిరేట్టు లేదు. బిందెలతో ఆ గోడ నిచ్చెన ఎక్కి పైన తొట్టిలో పోయడం మాకెవరికీ చేత కాదు! పాతికేళ్ళుగా ఎక్కుతూనే ఉంది మహాతల్లి, కాళ్ళు వాచాక కూడా."

తన ఇంటి కుళాయి గురించి ఆయన ఏటా ఫారంలో 'ఉంది' అని రాస్తూ వచ్చాడు. అది అబద్ధమని ఆయనకి తెలియదని చెప్పలేం, నిజమని తెలుసని కూడా చెప్పలేం. ఆయన ఆఫీసుకో, రిటైరయ్యాక పుస్తకం పని మీద బయటికో వెళ్ళాక టాంకరు వచ్చేది, ఆయన తిరిగొచ్చేసరికి కుళాయిలో నీళ్ళుండేవి. తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకి రాకుండా ఆవిడ చూసుకుంది. నీళ్ళు రాక ఆవిడొక్క రోజు చేతులెత్తేసి ఉంటే, ఎర్ర సిరా ఆ గడి దగ్గర ఆగేదేమోనని ఇప్పుడనిపించింది. ఆ తప్పు కూడా ఆవిడ మీదికే నెడుతున్నానని వెంటనే తట్టి, సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఇంట్లోకి వచ్చేసరికి కూతురు తల్లికి జడ వేస్తోంది. పక్కన సంచీ సర్ది ఉంది.

"ఏం చూశారు నాన్నా?"

"సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాడాయన.

ఆమె వేలితో చూపించింది. ఆయన సంతకం చేసి, తన చొక్కాలు రెండు తెచ్చి అదే సంచీలో కుక్కాడు. తల్లీ కూతుళ్ళు మొహాలు చూసుకున్నారు.

వంతెన దాటడానికి ఏడు నిమిషాలు పట్టింది. అవతలి ఆసుపత్రి చూడటానికి ఇవతలి దానికంటే పాతది. గోడలకి పెచ్చులూడి ఉన్నాయి, బెంచీలు చాలక జనం నేల మీద కూర్చున్నారు. వార్డులో మాత్రం నాలుగు యంత్రాలూ చప్పుడు చేస్తున్నాయి. సాయంత్రం డాక్టరమ్మ రిపోర్టులు చూసి, తండ్రినీ కూతుర్నీ నడవాలోకి పిలిచింది.

"ఒంట్లో చేరిన నీరు గుండెని బాగా దెబ్బతీసింది. ఊపిరాడేట్టు చేస్తాం. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు" అంది. కూతురివైపు చూసి గొంతు తగ్గించింది. "మూడు నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే ఈ మాట అనేదాన్ని కాదు."

డాక్టరమ్మ వెళ్ళిపోయాక ఆయన గోడకి ఆనుకుని అలాగే నేల మీదికి జారిపోయాడు. జిల్లా అంతా నమస్కారం పెట్టిన మనిషి, దారిన పోయేవాళ్ళు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా వెక్కివెక్కి ఏడ్చాడు.

"నేనే కొట్టేశానే ఆ గడి. నా చేత్తో నేనే. ఎంతమందిని వచ్చే వారం దాకా కూర్చోబెట్టానో..."

నాన్నని నిలదీయడానికి కూతురు ఆరేళ్ళుగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ పక్కన పెట్టేసింది. ఆమె కూడా నేల మీదే పక్కన కూర్చుని, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు కూర్చున్నట్టు, ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"పుస్తకం ఆపమని రాస్తాను. మంత్రికి కాదు, పేపర్లకే రాస్తాను" అన్నాడాయన.

"రాద్దురుగాని. కాగితాలు నేనే తెచ్చిస్తాను. ఇప్పుడు మాత్రం లోపలికెళ్ళి అమ్మ దగ్గర కూర్చోండి. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి, విసుగొస్తుంది."

ఆవిడ మెడ పక్కన రెండు గొట్టాలున్నాయి. మొహంలో చాలా రోజుల తర్వాత కాస్త కళ కనపడింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళయినా, ఒక్క చోట నాలుగు గంటలు ఇద్దరే కూర్చున్న రోజు ఆయనకి గుర్తు రాలేదు.

"డాక్టరమ్మ ఏమంది?" అంది ఆవిడ.

ఆయన తల వంచుకున్నాడు. ఆవిడకి అర్థమైంది. "సర్లెండి. ఊపిరి హాయిగా ఆడుతోంది ఇప్పుడు" అంది.

"ఒక మాట అడగనా?" అన్నాడాయన. "ఊళ్ళో ప్రతి ఇంటికీ మనుషుల్ని పంపి ఎలా బతుకుతున్నారని అడిగించాను. నిన్ను మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఎలా బతికావు నువ్వు, నా దగ్గర?"

"ఇప్పుడా అడిగేది!" ఆవిడ నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదికి జారాయి. "చాలా ఉంది చెప్పడానికి. మధ్యలో లేచిపోతారేమో."

"పోను."

"కుదించి చెప్పమనకూడదు."

"అననే, మొత్తం చెప్పు."

ఆవిడ పెళ్ళయి కాపురానికి వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టింది. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు, ఆపిన చోటి నుంచి అందుకుని చెప్పేది. ఆయన వినేవాడు. పదకొండోసారికి కూతురు పుట్టిన ఏడు దాకా వచ్చింది. పన్నెండోసారికి ఆవిడ లేదు.