సోల్డర్ కుండ అడుగున

దెయ్యాలంటే నాకు భయం కన్నా చిరాకు ఎక్కువ. యంత్రం మొరాయిస్తే దానికి నిమ్మకాయలు కట్టేవాళ్ళంటే ఇంకా చిరాకు. రేణిగుంట దగ్గర టీవీ బోర్డులు చేసే ఆ షెడ్డుకు, యంత్రం బాగు చేయమని నన్ను పిలిపించినప్పుడు, పోగానే చేసిన మొదటి పని యంత్రానికి వేలాడుతున్న నిమ్మకాయల దండ తెంపి పారేయడం.

పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఇనుప కుండలో సీసం, తగరం కలిపిన సోల్డర్ కరిగి ఉంటుంది. పంపు దాన్ని అలలాగా పైకి లేపుతుంది. బోర్డు ఆ అల మీదుగా పోతే అడుగున ఉన్న తీగల కాళ్ళన్నీ ఎక్కడివక్కడ అతుక్కుంటాయి. ఇక్కడ మాత్రం పక్కపక్కనున్న కాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని వదలడం లేదు. వేసిన బోర్డల్లా దండగ.

గాలి తగిలితే అల చెదురుతుందని కిటికీలకు నల్ల కాగితం అంటించారు. బయట ఎండ మండిపోతోంది, లోపల ఒకే ఒక్క బల్బు. సోల్డర్ అతకడానికి వాడే రజను బంక పొగ గొంతులో పట్టుకుంటోంది. ఆ పొగలో యంత్రం పక్కన మునిలక్ష్మి నిలబడి ఉంది.

అంతకు ముందు ఆ యంత్రం నడిపింది ఆమె మొగుడు దొరస్వామి. పూతలపట్టు కూడలిలో లారీ కింద పడి చచ్చిపోయాడు. అతని పని ఈమెకు ఇచ్చారు.

"ఈ పొద్దు బోర్డులు సరిగా రాకుంటే ఆ యమ్మిని తీసేస్తామప్పా" అని మేనేజరు కుప్పుస్వామి వాకిట్లోనే నా చెవిన వేసి పోయాడు.

"పని పోతే మళ్ళా మా ఆయప్ప ఇంటికే, అత్త దగ్గరికే పోవాల సార్" అంది మునిలక్ష్మి. ఆమె ఎడమ మోచెయ్యి వంకరగా అతుక్కుని ఉంది. ఎట్లా విరిగిందని అడిగాను.

"ఆయప్పే" అంది, అంతే.

అతుకు పట్టడానికి బోర్డుకు పూసే ఫ్లక్స్ పలచన చేశాను. వేడి పెంచాను. బోర్డు పోయే వేగం తగ్గించి చూశాను. ఊహూఁ. చివరికి గరిటెతో పైనున్న తెట్టు తీస్తుంటే తెలిసింది. సోల్డర్ నీళ్ళలాగా జారడం లేదు, సంగటిలాగా కదులుతోంది. ఇంకేదో లోహం కరిగింది అందులో.

"ఏమేసినావు ఇందులో?" అని కసిరాను.

ఆమె తల వంచుకుంది. "తాళిబొట్టు సార్. శవాన్ని ఎత్తే ముందరే తీసేసినారు. అత్త దాన్ని దినామూ నా ముందర పెట్టి ఏడ్సేది. ఎత్తకొచ్చి దీంట్లో ఏసినాను. అది కరిగిపోతే ఆయప్ప ఇంక ఉండడు కదా అని..."

నాకు ఒళ్ళు మండింది. కానీ కారణం దొరికిందన్న నెమ్మది కూడా కలిగింది. కుండ ఖాళీ చేసి కొత్త సోల్డర్ పోస్తే సరి. పంపు ఆపేశాను.

పంపు గొణుగుడు ఆగిపోయింది.

అల పడిపోలేదు.

స్విచ్చి చూశాను. ఆపే ఉంది. మెయిను నుంచే తీసేశాను. బల్బు ఆరిపోయింది. వాకిలి సందులోంచి పడుతున్న సన్నటి వెలుతురులో అల తళతళా మెరుస్తూ నిలబడే ఉంది... మెల్లగా పక్కకు ఒరుగుతోంది. మునిలక్ష్మి వైపు.

ఫ్లక్స్‌లో స్పిరిట్ ఉంటుంది, ఆ వాసన నాకు అలవాటే. ఇది అది కాదు. సారాయి తాగినవాడు మొహం మీద ఊపిరి వదిలితే వచ్చే వాసన.

"వచ్చినాడు సార్..." అని మునిలక్ష్మి గొణిగింది.

నేను కుండ అడుగున బిరడా లాగేశాను. సోల్డరంతా బుసబుసమంటూ ఇనుప ట్రేలలోకి దిగింది. కుండ ఖాళీ అయింది. అడుగున ఏదో పచ్చగా కనిపించింది.

పసుపుతాడు. అంత వేడిలో నూలుతాడు మాడి మసైపోవాలి. ఇది తడిగా ఉంది. పచ్చి పసుపు వాసన వేస్తోంది. దాని ఒక కొస పంపు గొట్టంలోకి పోయి ఉంది.

"తాడు కూడా వేసినావా?"

"లేదు సార్. తాడు ఆయప్పతోనే కాల్చేసినారు."

కటింగ్ ప్లేయర్‌తో దాన్ని పట్టుకుని లాగాను. వెనక ఊపిరాడని గురక వినిపించింది. తిరిగి చూస్తే మునిలక్ష్మి రెండు చేతులతో మెడ పట్టుకుని ఉంది. మెడలో ఏమీ లేదు. కానీ చర్మం చుట్టూ గీతలా లోపలికి దిగిపోతోంది.

"లాగొద్దు సార్... ఆ కొస ఆయప్ప సేతిలో ఉండాది..."

వదిలేశాను. తాడు ఆగలేదు. గొట్టంలోకి జరజరా పోతోంది. మునిలక్ష్మి కాళ్ళు నేల మీద రాసుకుంటూ కుండ వైపు జారుతున్నాయి. ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో ప్లేయర్ వేసి కత్తిరించాను.

తెగింది. కొస గొట్టంలోకి పోయింది. ఆమె కూలబడి ఊపిరి పీల్చుకుంది.

"పోయినాడా సార్?"

"పోయినాడు" అన్నాను.

అప్పుడు నా పిడికిట్లో ఏదో కదిలింది. విప్పి చూశాను. మిగిలిన తాడు ముక్క తనకు తానే మెలి తిరుగుతోంది. ఒక ముడి పడింది... మునిలక్ష్మి చెయ్యి మళ్ళీ మెడ మీదికి పోయింది. రెండో ముడి పడింది...

మూడోది పడకుండా పిడికిలి గట్టిగా బిగించాను. లోపల తాడు కదులుతూనే ఉంది.