పట్టు తప్పిన ఫోర్ బై ఫోర్

"ప్రాణాలతో కావాలి," అన్నాడు కల్నల్ నేగీ వైర్‌లెస్‌లో.

"ఎవరి ప్రాణాలు సార్?" అన్నాడు ఏజెంట్ అంగ్రూప్.

నేగీ నవ్వలేదు. 'కోయిల' అనే డబుల్ ఏజెంట్ సరిహద్దు రాడార్ల ప్లాన్లతో మనాలిలో బయల్దేరిందనీ, సొరంగం దాటి లాహౌల్ లోయలో కొండలు విడిపోయి ఆకాశం కనబడగానే శాటిలైట్ ట్రాన్స్‌మిటర్‌తో వాటిని విదేశీ ముఠాకి పంపేస్తుందనీ బ్రీఫింగ్ ముగించాడు. ఆమె ముఖం తెలిసినవాడు ఒక్కడే, అంగ్రూప్‌కి సొంత అన్న ఛేరింగ్. ఆ కోయిల శత్రువుల చెవిలో కూసిన కూతకే అతను పోయిన చలికాలం చంద్రా నదిలో శవమై తేలాడు.

కాబట్టి అంగ్రూప్ వేషం మార్చాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ కోటు తొడిగి, సొరంగం ఉత్తర ద్వారం దగ్గర బండి బండినీ ఆపి, మంచు పడితే అక్కడ అందరూ అడిగేదే అడుగుతున్నాడు. చైన్ ఉందా? లోయవాళ్లు టైర్ల గొలుసులున్న డిక్కీ వైపు బొటనవేలు చూపించి సాగిపోతున్నారు.

మధ్యాహ్నం ఒక కొత్త ఫోర్ బై ఫోర్ వచ్చి ఆగింది. నడుపుతున్న అందగత్తె కేలాంగ్‌లో టీచర్‌నని చెప్పింది. భుజాన లాహౌల్ పట్టు శాలువా. పేరుకే పట్టు, నేసేది ఉన్నితో. యాస కూడా అచ్చం లోయదే.

"చైన్ ఉందా దీదీ?"

ఆమె చెయ్యి చటుక్కున మెడకి వెళ్లింది. "ఉంది. ఏం భయ్యా, ఇక్కడ దొంగలున్నారా?"

"ఇప్పుడే ఒకరొచ్చారు," అంటూ తలుపు మీద చెయ్యి వేశాడు.

ఆమెకి అర్థమైంది. "నాది ఫోర్ బై ఫోర్. పట్టుకో చూద్దాం!" బండి మంచు చిమ్ముకుంటూ దూసుకుపోయింది.

అంగ్రూప్ తన పాత జిప్సీ జీపులోకి దూకాడు. చైన్లు ముందే బిగించి ఉన్నాయి. పగ కాలిలోకి దిగి యాక్సిలరేటర్ తొక్కమంది. తొక్కలేదు. ఫోర్ బై ఫోర్‌లో ఇంజను తిప్పే నాలుగు చక్రాలూ కదలడానికి పట్టునిస్తాయి, ఆగడానికివ్వవు. ఆగే దగ్గర మంచుకి అన్ని బండ్లూ ఒకటే. లో రేంజ్‌లో మొదటి గేరు వేసి, బ్రేకు ముట్టకుండా, ఇంజనుకే పగ్గాలిచ్చి వాలు దిగాడు.

కింద మలుపులో ఆమె బ్రేకు తొక్కింది. చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. జారి, తిరిగి, వెనక భాగం చంద్రా నది మీదికి వేలాడింది. పైన మాత్రం ఆకాశం విప్పారింది. ట్రాన్స్‌మిటర్ తెర మీద ప్లాన్లు ఎంత శాతం వెళ్లాయో చూపే అంకెలు పరుగెత్తుతున్నాయి.

చిన్న తోపు చాలు. ప్లాన్లూ పోతాయి, పగా తీరుతుంది. అంగ్రూప్ బానెట్ మీద చెయ్యి ఆనించాడు. చాలాసేపే ఆనించాడు. తర్వాత జిప్సీ ముందున్న వించ్ తాడు కొక్కెం తెచ్చి ఆమె బండికి తగిలించాడు. తాడు బిగిశాక కిటికీలోంచి వంగి, తొంభై తొమ్మిది శాతం దగ్గర ట్రాన్స్‌మిటర్ తీగ పీకేశాడు.

"నన్నెందుకు కాపాడావు?" అడిగింది ఆమె.

"కాపాడానని ఎవరు చెప్పారు? నదిలో అయితే ఒక్క క్షణంలో పోతావు. మా అన్నకి అది చాలదు. ముసలిదానివయ్యేదాకా జైలు గోడలు చూడు."

వైర్‌లెస్ గరగరలాడింది. మళ్లీ జారుకుందా అని నేగీ కంగారుగా అడుగుతున్నాడు.

"జారింది సార్," అన్నాడు అంగ్రూప్. "జారుకోలేదు."