అమావాస్యకు కదిలే జీపు

మన్సూరాబాద్‌లో ఒక కాలనీ. అందులో ఒక గల్లీ. రాత్రి తొమ్మిది దాటిందంటే భోజనం తెచ్చే డెలివరీ వాళ్లు కూడా ఆ గల్లీలోకి రారు. మొదట్లోని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే బండి ఆపి ఫోన్ చేస్తారు — "సార్... మీరే జర ఇక్కడిదాక రండి." ఎందుకని అడిగితే చెప్పరు. గల్లీ చివర నిలబడి ఉన్న జీపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గిస్తారు.

అమావాస్య రాత్రి ఆ జీపు దానంతట అదే నడుస్తుందని పేరు. లోపల మనిషి ఉండడు. లైట్లు వెలగవు. తాళం చెవి ఇంట్లో మేకుకే వేలాడుతుంటుంది. అయినా... కదులుతుంది.

ఈ సంగతి చెప్పేవాళ్లెవరైనా ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటారు.

జీపు శైలేందర్‌ది. ముప్పై నాలుగేళ్లవాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, సైన్స్ అంటే ప్రాణం. చదివాడని కాదు, ఫోన్‌లో చూశాడు. తుర్కయంజాల్‌లో ఒక కోళ్ల ఫారం వెనక ఇరవై ఏడేళ్ల డీజిల్ జీపు కనబడేసరికి మనసు పారేసుకున్నాడు. నాలుగు చక్రాలకూ బలం ఉండే బండి, ఎంత బురదలో దిగినా బయటికొస్తుంది. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో కింద బురద ఎక్కడుందని అడిగినవాళ్లతో అతను మాట్లాడడం మానేశాడు.

ఇంటి ముందే పెట్టుకుని తనే బాగుచేస్తానన్నాడు. బండి రోగం కనిపెట్టడంలో అతనిది ఒకటే పద్ధతి. వీడియోలో ఎవరు ఏది మార్చమంటే అది మార్చడం. నల్లపొగ వస్తోందని ఇంజెక్టర్లు మార్చాడు. పొగ పోలేదు. డీజిల్ పంపు మార్చాడు. పోలేదు. ఆఖరికి ఎయిర్ ఫిల్టర్ విప్పితే దోసెడు కోడి ఈకలు రాలాయి.

ఏడు నెలలు అట్లాగే గడిచాయి. రంగుకు పోయిన బానెట్ తిరిగి రాలేదు. ఇంజన్ మీద పాత ఎన్నికల ఫ్లెక్సీ కప్పేవాడు. హ్యాండ్ బ్రేక్ పట్టదు కాబట్టి రాత్రిళ్లు బండిని గేరులో వేసి వదిలేవాడు. వైరింగంతా కొత్తగా తనే చేశాడు. టేపు మాత్రం చివర్లో ఒకేసారి చుడదాంలే అనుకున్నాడు.

తల్లి ముత్తమ్మ నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి. ఐదో నెలలో బానెట్ రంగుకు పోగానే బండికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. శైలేందర్ వాటిని తెంపి మోరీలో పారేశాడు. "గీ కాలంల గూడ దిష్టేందే అమ్మా? ఇజ్జత్ పోతది!" అని గల్లీ అంతా వినేలా ఉపన్యాసం దంచాడు. ముత్తమ్మ మోరీ వైపు ఒకసారి చూసి లోపలికి పోయింది.

తర్వాత వచ్చిన అమావాస్య తెల్లారి చూస్తే... జీపు ఆరడుగులు ముందుకు జరిగి ఉంది.

శైలేందర్ "వాలు" అన్నాడు. గల్లీ వాలు అటు కాదు, ఇటు.

మరుసటి అమావాస్యకు జీపు ఎదురింటి పట్టాభి గారి పూలకుండీలు రెండు పగలగొట్టి, గేటుకు ముక్కు ఆనించి నిలబడింది. పట్టాభి గారు కాలనీ సంఘం అధ్యక్షుడు. బెజవాడ వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయింది. రిటైరై ఎన్నాళ్లయినా ఇప్పటికీ ఫైలు మీద సంతకం పెడుతున్నట్టే మాట్లాడతారు.

"చూడండి శైలేందర్ గారూ, దెయ్యమో మీ మెకానిక్ పనో నాకనవసరం. ఇంకొక్క అమావాస్యకి ఇది కదిలిందా, తెల్లారేసరికి క్రేన్ పిలిపిస్తాను. తుక్కు కొట్టుకి పంపించేస్తాను."

శైలేందర్ జీపు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఏడు నెలల ఆదివారాలు అందులో పోశాడు. అది పోతే తను మళ్లీ వట్టి గుమాస్తా. ఆ బాధ నిజమైనదే, దాన్ని వెక్కిరించడం పాపం.

మూడో అమావాస్య వచ్చింది. చీకటి పడగానే ఎవరికీ చెప్పకుండా జీపు వెనక సీటులో ముడుచుకుని పడుకున్నాడు. దెయ్యాలు లేవని గట్టిగా నమ్మే మనిషి కనుక నుదుటి నిండా విభూతి పెట్టుకున్నాడు. ఒక చెవిలో దేవుడి పాటలు పెట్టుకున్నాడు.

పదకొండు... పదకొండున్నర...

కుక్కలు మొరగడం ఆపేశాయి.

ఎక్కడో గడియ తీసిన చప్పుడు — చిన్నగా. ఆ తర్వాత కర్పూరం వాసన.

శైలేందర్ తల ఎత్తి చూశాడు. జుట్టు విరబోసుకున్న ఆడ ఆకారం... అరచేతిలో మంట. పెదవులు కదులుతున్నాయి, మాట వినబడడం లేదు. ఆకారం జీపు పక్కగా ఇంజన్ దగ్గరికి వచ్చింది. ఫ్లెక్సీ మెల్లగా పైకి లేచింది. బొళబొళమని ఏవో నీళ్లు పడ్డాయి...

ఒక్క క్షణం ఏమీ లేదు.

అప్పుడు జీపు వణికింది. గర్ర్... గర్ర్... కుదుపు కుదుపుగా ముందుకు పాకుతోంది. స్టీరింగ్ దగ్గర ఎవరూ లేరు. శైలేందర్ సీటు కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. చెవిలో పాట కూడా ఆగిపోయి, మధ్యలో పెళ్లి సంబంధాల ప్రకటన వస్తోంది.

ఠంగ్ — పట్టాభి గారి గేటు.

శైలేందర్ చేతిలో ఫోన్ టార్చి వెలిగింది. వెలుగు సరిగ్గా ఆ ఆకారం ముఖాన పడింది.

"బిడ్డా..." అంది ఆకారం గుసగుసగా. "ఇందుల పండుకున్నవేంది?"

ముత్తమ్మ. చేతిలో ఉప్పునీళ్ల చెంబు.

స్టార్టర్ ఇంకా గేటును నెడుతూ మూలుగుతోంది. శైలేందర్ ఒక్క దూకు దూకి బ్యాటరీ వైరు పీకేశాడు. అంతా నిమ్మళించింది.

"అమావాస్య అమావాస్యకు దిష్టి తీస్తున్న. నీకు తెలిస్తే పారేస్తవ్ గద," అంది ముత్తమ్మ. "బానెట్ గూడ లేదాయె. బండి గుండెకాయ బయట వెట్టినవ్, అందరి కండ్లు దాని మీదనే. అందుకే సక్కగ దాని మీదనే పోస్తున్న."

శైలేందర్‌కు అంతా అర్థమైంది. టేపు చుట్టని తీగల మీద ఉప్పునీళ్లు పడితే కరెంటు దాటుతుంది. తాళం లేకుండానే స్టార్టర్ తిరుగుతుంది. బండి గేరులో ఉంది కనుక స్టార్టరే దాన్ని లాక్కుపోతుంది, నీళ్లు జారిపోయాక ఆగుతుంది. మూడు అమావాస్యలుగా గల్లీని వణికించిన దెయ్యం, తను చుట్టకుండా వదిలేసిన ఒక టేపు చుట్ట.

అంతలో ఎదురింట్లో లైటు వెలిగింది. "ఎవరది?" పక్కిళ్ల తలుపులు తెరుచుకుంటున్నాయి.

నిజం చెబితే బండి దక్కుతుంది. కానీ అమావాస్య అర్ధరాత్రి, విరబోసిన జుట్టు, కర్పూరం, పక్కవాడి గేటు... ఆ నాలుగూ కలిపి చూస్తే ఈ జనం ముసలామెకు ఏ పేరు పెడతారో శైలేందర్‌కు తెలుసు. ఊళ్లో ఒకామెకు ఆ పేరు పెట్టి ఏం చేశారో కూడా తెలుసు. తల్లిని సీటు కిందికి తోసి ఫ్లెక్సీ కప్పేశాడు.

పట్టాభి గారు కర్రతో వచ్చారు. వెనక పదిమంది. ఏడు నెలలుగా వాళ్లకు సైన్స్ చెప్పిన మనిషి చేతులు జోడించాడు.

"దెయ్యమే సార్... నా కండ్లతోని చూసిన."

తెల్లారి అన్నమాట ప్రకారం క్రేన్ వచ్చింది. దాని డ్రైవర్ దిగి, తెల్లవారుజామున ముత్తమ్మ ఇంజన్ మీద చల్లిన పసుపూ కుంకుమా చూశాడు. దూరంగా నిలబడ్డ జనం ముఖాలూ చూశాడు. "నాకిద్దరు చిన్నపిల్లలున్నరు సార్," అని రివర్స్ గేరు వేశాడు. వనస్థలిపురం నుంచి పిలిపించిన రెండో అతను గల్లీ మలుపు కూడా తిరగలేదు. దెయ్యం సంగతి తనకు అనవసరమన్న పట్టాభి గారు ఆ సాయంత్రమే గేటుకు బూడిద గుమ్మడికాయ కట్టించుకున్నారు. జీపు జోలికి మళ్లీ ఎవరూ రాలేదు.

ఆదివారం శైలేందర్ ఒక్కో తీగకూ టేపు చుడుతూ, పక్కన కూర్చున్న తల్లికి ఉప్పూ కరెంటూ సంగతి ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. "ఇప్పుడు సమజైందా అమ్మా?"

"సమజైంది బిడ్డా. వట్టి ఉప్పునీళ్లకు గింత పెద్ద బండి ఉరుకుతదా? దాని మీద ఎంత దిష్టి ఉంటే గట్ల ఉరకాలె!"

శైలేందర్‌కు ఒళ్లు మండింది. నోరు తెరిచాడు. అప్పుడే పట్టాభి గారు కిటికీలోంచి ఇటే చూస్తున్నారు.

"అవునే అమ్మా," అన్నాడు శైలేందర్, గల్లీ అంతా వినేలా. "శాన దిష్టి ఉండె."