కుడివైపు తలుపు

బెవ్ ఆ ఉదయం కూడా కారు అద్దం మీది మంచు గీకుతూ నిలబడింది. గీకే పలక విరిగిపోయి చాలా రోజులైంది. మిగిలిన ముక్కతోనే పని కానిస్తోంది. చేతితొడుగులు తడిసి వేళ్లు కొయ్యబారిపోయాయి. ఎదురుగానే షెడ్డు. దానికి పైకప్పు ఉంది, తలుపు ఉంది, లోపల చిన్న పొయ్యి కూడా ఉంది. కారుకి మాత్రం చోటు లేదు. అక్కడ నాన్న ట్రక్కు ఉంది.

వంటింటి తలుపు తెరుచుకుని నాన్న లాడ్ శెస్టాక్ బయటికి వచ్చాడు. చంకలో కాఫీ ఫ్లాస్కు, చేతిలో సగం కొరికిన కొలాచీ తీపి రొట్టె.

"బడికి ఆలస్యమవుతోందా, అమ్మాయ్?"

"రోజూ అవుతూనే ఉంది. అక్కడ అంతమంది పిల్లలకి వండాల్సినదాన్ని, ఇక్కడ మంచు గీక్కుంటున్నా."

"షెడ్డులో చోటు చేస్తాలే."

"ఎప్పుడు?"

"ఇంజను తిరగనీ. బయటికి తీసేస్తా."

"పోయిన చలికాలం కూడా ఇంజనే అన్నావు. అంతకుముందు బ్రేకులన్నావు."

"కార్బురేటరు కుదర్లేదే. మళ్లీ విప్పాలి."

"నువ్వు బిగించిన దానికన్నా విప్పిందే ఎక్కువ, నాన్నా."

ఆయన నవ్వేసి షెడ్డులోకి వెళ్లిపోయాడు. ఆ నవ్వుకే బెవ్‌కి ఒళ్లు మండేది. తిట్టినా బాగుండేది.

ఆ ట్రక్కు ఒకప్పుడు ఇంటికి అన్నం పెట్టింది. బెవ్ తల్లి ఆల్బినా దాంట్లోనే గుడ్లు వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది. కోళ్లు మానేశాక దాన్ని మొక్కజొన్న చేను గట్టున వదిలేశారు. గడ్డి పెరిగింది, ఎలుకలు సీట్లో కాపురం పెట్టాయి. ఆల్బినా చనిపోయిన ఏడాది లాడ్ ట్రాక్టరు కట్టి దాన్ని షెడ్డులోకి లాక్కొచ్చాడు. అదే ఏడాది మొగుడితో తెగతెంపులు చేసుకుని బెవ్ ఒమాహా నుంచి పుట్టింటికి వచ్చేసింది. నాన్నకి తోడుంటాననుకుంది. నాన్న తోడు వేరే చూసుకున్నాడు.

బండి పచ్చరంగు వెలిసి గోధుమరంగుకి తిరిగింది. రెండు తలుపుల మీదా ఆల్బినా తన చేత్తో, చిన్న కుంచెతో రాసిన తెల్లటి అక్షరాలు ఉండేవి. 'శెస్టాక్ వారి తాజా గుడ్లు' అని. కుడివైపు తలుపు మీద చోటు చూసుకోకుండా మొదలుపెట్టిందేమో, ఆఖరి అక్షరం ఇరుక్కుపోయి చిన్నదైపోయింది. ఆదివారం చర్చి నుంచి రాగానే లాడ్ ఆ తలుపులకి అవిసె నూనె పట్టించేవాడు. తుప్పుకి నూనె రాస్తే ఏమొస్తుందని బెవ్ అడిగేది. ఊరికే, అనేవాడు.

మార్చిలో ఆయన మంచు మీద జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి, నడక నేర్పే చోట వారాల తరబడి ఉంచేశారు. బెవ్ బడి, ఆసుపత్రి, ఇల్లు అంటూ తిరిగింది. ఎప్పుడు వెళ్లినా ఆయన ఒకటే అడిగేవాడు.

"షెడ్డులో పొయ్యి ఆర్పావా?"

ఎలా ఉన్నావమ్మా అని ఒక్కసారీ అడగలేదు.

ఒకరోజు తిరుగుదారిలో ఆమె డ్వేన్ దుకాణం దగ్గర కారాపింది. డ్వేన్ బళ్లకి రంగులు వేస్తాడు. ఇద్దరూ ఒకే తరగతిలో చదువుకున్నారు.

"జులై నాలుగో తారీకు స్వాతంత్ర్య దినం ఊరేగింపుకి అందాలి. ఇంజను, రంగు, అన్నీ నువ్వే చూడు. నాన్న ఇంటికొచ్చేసరికి కొత్తదానిలా నిలబడాలి."

"మీ నాన్న ఒప్పుకున్నాడా?"

"ఆయన్ని అడిగితే నేను ముసలిదాన్నయిపోతాను."

"తలుపుల మీద రాత ఉంది కదా. అది ఉంచేదా?"

"సగం కనబడనే కనబడదు. తీసెయ్. అవే మాటలు కొత్తగా వేయిద్దాం, చక్కగా."

ఆ బండి పని అయిపోతే నాన్న వంటింట్లో కూర్చుంటాడు, తనతో నాలుగు మాటలు మాట్లాడతాడు. బెవ్ కోరుకున్నది అంతే.

మే నెలాఖరులో లాడ్ ఇంటికొచ్చాడు. బెవ్ ఆయన్ని తిన్నగా షెడ్డు దగ్గరికే నడిపించి, తలుపులు బార్లా తీసింది. లోపల టమాటో ఎరుపులో ట్రక్కు ధగధగలాడుతోంది.

ఆయన వాకరు పట్టుకుని మెల్లగా చుట్టూ తిరిగాడు. ఎడమ తలుపు దగ్గర ఆగి అరచేయి ఆనించాడు.

"ఇది ఎవరి బండి?"

"నీదే నాన్నా. ఇంజను కూడా తిరుగుతోంది. ఇదిగో, అక్షరాలు కూడా తెప్పించాను. బంగారు రంగు. నువ్వు చూశాక అంటిద్దామని ఆగాను." ఆమె కాగితపు చుట్ట విప్పింది. "చూడు, ఆఖరిది కూడా మిగతావాటితో సమంగా ఉంది."

"ఆఖరిది చిన్నది."

"అదే, సరిచేయించాను."

"సరిచెయ్యమని నిన్నెవరడిగారు?" లాడ్ గొంతు పెరగలేదు. "అవి మీ అమ్మ చేతివి, బెవ్. ఆ ఆఖరిది చూసి నేను నవ్వానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు మిగిలిందల్లా ఆ రెండు తలుపులే."

"మరి నేనో?"

ఆయన తలుపు మీంచి చూపు తిప్పలేదు. ఇన్నేళ్లుగా లోపల కుక్కుకున్నదంతా బెవ్‌కి ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"నీకు వండిపెట్టేది నేను. ఆసుపత్రికి తిప్పింది నేను. చలిలో అద్దాలు గీక్కుంది నేను. అమ్మ పోయాక నువ్వు నాతో మాట్లాడింది ఎంత, ఆ తుక్కుతో మాట్లాడింది ఎంత? దాని దగ్గర ఏముంది నాన్నా, నా దగ్గర లేనిది?"

"అది నన్ను తొందరపెట్టదు."

అని, వాకరు తిప్పుకుని ఇంటివైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"అమ్మెయ్. దాన్ని నేను చూడలేను."

ఆ తర్వాత బెవ్ కోరుకున్నవన్నీ జరిగాయి. నాన్న షెడ్డు మొహం చూడలేదు. రోజంతా వంటింట్లోనే కూర్చున్నాడు. టీవీలో వాతావరణం చూసేవాడు. పెట్టింది తినేవాడు. ఉప్పెక్కువైందని కూడా అనేవాడు కాదు. ఊరేగింపు రోజున వీధి చివర బ్యాండు వినిపిస్తే లేచి కిటికీ మూశాడు. చాకిరీ చేసి దోషినయ్యానని ఆమెకి మంట. ఆ మంట వెనకాల మరొకటి గుచ్చుకునేది. డ్వేన్ తనని అడిగాడు. అడిగినప్పుడు తీసెయ్ అన్నది తనే.

లింకన్ అనే ఊరి నుంచి ఎవరో బండి చూడటానికి వస్తామన్నారు. ముందురోజు సాయంత్రం బెవ్ ట్రక్కుని బయటికి తీసి, బకెట్టులో సబ్బునీళ్లు కలిపి కడగడం మొదలుపెట్టింది. కోపంగానే రుద్దుతోంది. ఎడమ తలుపు గాజులా నున్నగా జారింది. కుడి తలుపు దగ్గరికొచ్చేసరికి గుడ్డ కింద వేళ్లకి ఏదో తగిలింది.

గుడ్డ పక్కన పడేసి వట్టి చేత్తో తడిమింది. సన్నటి గట్టులాంటిది. అది కిందికి దిగి, వంపు తిరిగి, మళ్లీ పైకి వెళ్లింది. తల వంచి పక్కనుంచి చూసింది. వాలుతున్న ఎండలో ఎరుపు కింద ఏదో ఉబ్బెత్తుగా ఉంది. అంచు వరకూ వేళ్లు పోనిచ్చింది. చివర్న చిన్నది, ఇరుకుగా, తలుపు అంచుకి ఒదిగి ఉంది.

బెవ్ తడిచేతులతోనే ఇంట్లోకి పరుగెత్తింది.

"నాన్నా, లే."

"ఏమైంది?"

"నీ చెయ్యి ఇటివ్వు. ఏమీ అడక్కు, రా."

ఆయన విసుక్కుంటూనే వచ్చాడు. బెవ్ ఆయన వేళ్లు పట్టుకుని తలుపు మీద పెట్టింది. లాడ్ కళ్లు మూసుకున్నాడు. వేళ్లని ఆ గట్టు వెంబడి మెల్లగా చివరిదాకా పోనిచ్చాడు.

"ఎడమది పూర్తిగా తుప్పు తినేసింది. ఇనుము దాకా గీకేసి ఉంటాడు," అన్నాడు చివరికి. "ఇది గట్టి తలుపు. పైపైన రుద్ది రంగు కొట్టేశాడు. మీ అమ్మ ఏది పూసినా దట్టంగానే పూసేది. రొట్టె మీద వెన్న కూడా అంతే."

"పైన ఎరుపు తీసెయ్యగలమా?"

"తీయొచ్చు. కొంచెం గట్టిగా రుద్దామా, దాంతోపాటు అక్షరం కూడా పోతుంది."

"నువ్వు చెప్పు, నేను చేస్తా."

"నీకు ఓపిక ఉండదే."

"ఉండదు," అంది బెవ్. "డ్వేన్ అడిగాడు నాన్నా, రాత ఉంచనా అని. నేనే వద్దన్నాను. నాకే తెలియలేదు."

లాడ్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. బరువంతా ఆమె మీదే ఆనింది.

"నీకు నేనెప్పుడు చెప్పాను గనక. అడిగినప్పుడల్లా ఊరికే అన్నాను."

మర్నాడు లింకన్ వాళ్లకి రావద్దని ఫోను చేశారు. షెడ్డులో లాడ్ స్టూలు మీద కూర్చున్నాడు. బెవ్ నేల మీద కూర్చుని, అన్నిటికన్నా సన్నటి ఉప్పు కాగితం నీళ్లలో ముంచి తలుపు మీద తిప్పసాగింది.

"నొక్కకు."

"నొక్కడం లేదు."

"నొక్కుతున్నావు. పిల్లి వీపు నిమిరినట్టు పోనీ."

"ఇలా అయితే క్రిస్మస్ దాకా పడుతుంది."

"పడనీ."

ఆమె మొహం చిట్లించింది, చెయ్యి మాత్రం తేలిక చేసింది. ఎర్రటి నీళ్లు మోచేతి దాకా కారాయి. వేసవంతా అలాగే గడిచింది. రోజూ సాయంత్రం ఒక గంట. ఒక్కోరోజు గోరంత తెలుపు కూడా బయటపడేది కాదు. ఒక్కోరోజు నాన్న మాటలు బయటపడేవి. ఆల్బినా కుంచె ఎక్కడ కొన్నదీ, బెవ్ పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడు ఇదే సీట్లో గుడ్ల బుట్టల మధ్య ఎలా నిద్రపోయేదీ.

తొలిమంచు పడిన రోజు ఆఖరి అక్షరం తేలింది. చిన్నగా, ఇరుకుగా, కాస్త వంకరగా. బెవ్ కాగితం బకెట్టులో వదిలేసి దానివైపు చూస్తూ ఉండిపోయింది. ఒక్కసారిగా నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"చూశావా? నేనూ ఇలాగే నవ్వాను," అన్నాడు లాడ్. "ఇక ఆపు. చాలు."

"చుట్టూ ఇంకా ఎరుపుంది కదా."

"ఉండనీ. అది నువ్వు వేయించింది."

బయట కారు అద్దం మీద మంచు పేరుకుంటోంది. బెవ్ ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసి నాన్నకి అందించింది. గోడవారగా ఉన్న రెండో స్టూలు లాక్కుని, తలుపుకి ఎదురుగా ఆయన పక్కన కూర్చుంది.