చెవికి కట్టిన తువ్వాలు

ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డు. ఉదయం పదిన్నర. ఎస్సై సరస్వతి జీపు దిగేసరికే వీరేష్ ప్రాణం పోయింది.

ఎమ్మిగనూరులో మగ్గం నేసే మనిషి. ఆదోనిలో నూలు కొని మోపెడ్ మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి పత్తి ట్రాక్టర్ గుద్దింది. హెల్మెట్ హ్యాండిల్‌కే వేలాడుతోంది. తలకు మాత్రం చెవుల మీదుగా తువ్వాలు బిగించి ఉంది. పగిలిన సెల్‌ఫోన్ పక్క చేలో దొరికింది.

ట్రాక్టర్ డ్రైవర్ తిమ్మప్ప పారిపోలేదు. రోడ్డు పక్కనే కూలబడ్డాడు.

“హార్న్ కొట్టినావా?”

“మూడుసార్లు కొట్టినా మేడం. ఆయప్ప తిరిగి సూడలే. ఉన్నట్టుండి కుడిపక్కకు తిప్పినాడు.”

నమ్మేదెవరు? డ్రైవర్ తాగి నడిపాడని వీరేష్ అన్నయ్య బసవన్న మండిపడ్డాడు. పరీక్షలో తాగలేదనే తేలింది. కానీ హార్న్‌కు సాక్షి లేడు. వీరేష్ ఏనాడూ బండి తప్పుగా నడపలేదని వీధంతా చెప్పింది. చచ్చినవాడి కళ్లు చారెడు మరి. ఇక తిమ్మప్పకు జైలు తప్పేలా లేదు.

సరస్వతికి ఒకటి మింగుడుపడలేదు. తువ్వాలు దుమ్ముకు కట్టుకున్నాడన్నారు. దుమ్ముకైతే ముక్కు మూసుకుంటారు గాని చెవులు మూసుకోవడమేమిటి?

సాయంత్రం వీరేష్ వీధికి వెళ్లింది. పక్కింట్లో లక్ష్మప్ప మగ్గం గుంటలో కూర్చుని ఒక్కడే మాట్లాడుకుంటున్నాడు. చెవుల మీదుగా తువ్వాలు. దాని కింద ఫోన్ అంచు కనిపిస్తోంది.

“నేసేటప్పుడు సేతులూ కాళ్లూ ఖాళీ ఉండవు గదా మేడం. ఈ ఈదిలో అందరమూ ఇట్లనే కట్టుకుంటాము.”

సరస్వతికి విషయం బోధపడింది. సంతోషం మాత్రం కలగలేదు.

మర్నాడు తిమ్మప్పను వెంటబెట్టుకుని వీరేష్ ఇంటికి వెళ్లింది. అతన్ని గడప బయటే నిలబెట్టి, బసవన్నకూ వీరేష్ భార్య గిరిజమ్మకూ వివరంగా చెప్పింది. వీరేష్ మగ్గం దగ్గర కట్టుకున్నట్టే బండి మీదా కట్టుకున్నాడు. ఒక చెవికి ఫోన్, ఇంకో చెవికి గుడ్డ. ఆ కట్టు మీద హెల్మెట్ పట్టదు. ధ్యాసంతా మాటల మీదే ఉంది. ఇక హార్న్ ఎలా వినిపిస్తుంది?

“ఎవరితో మాట్లాడుతాండె?” బసవన్న అడిగాడు.

కాల్ రికార్డ్ సరస్వతి అప్పటికే చూసింది. ఆ సంగతి కేసుకు అక్కర్లేదని తప్పించబోయింది.

మగ్గం పక్క నుంచి గిరిజమ్మ లేచింది.

“నాతోనే బావా. చీర అంచుకు ఏ రంగు నూలు తెస్తాండావని నేనే ఫోన్ సేసినా.”

బసవన్న తల వంచుకున్నాడు. ఆమె గడప దాకా వచ్చి తిమ్మప్పను చూసింది. రెండు రోజులుగా అందరూ అతన్ని తిడుతుంటే ఆమె ఒక్క మాటా అనలేదు. ఎందుకో సరస్వతికి ఇప్పుడు తెలిసింది.

“ఈయప్పను ఇడిసిపెట్టండి మేడం. మూడుసార్లు హార్న్ కొట్టినాడు. నాకు ఫోన్‌లో ఇనపడింది. బండి ఆపమని సెప్పలే నేను. ఆ మోతలో మాట తెలియక, గట్టిగా సెప్పు అన్నా.”